కనిపించిందని చెప్పిన చుక్క

"పెండ్లినాడు అరుంధతి కనిపించకున్నా కనిపించిందని అయ్యగారికి అబద్ధం చెప్పింది మీ ఆయనే గదా?"

మా పాప బడిలో సైన్సు చెప్పే మేడం నవ్వుతూ ఈ మాట అన్నప్పుడు నేను టెలిస్కోపు మీదికి వంగి ఉన్నాను. ఒక కన్ను మూసి, రెండో కన్ను అద్దానికి ఆనించబోతున్నాను. నా వెనక వరుసలో ఓ నలభై మంది తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. ఐదేళ్ల కొడుకు నా కొంగు పట్టుకుని లాగుతున్నాడు. ఎనిమిదేళ్ల కూతురు అప్పటికే చూసేసి, మేడం పక్కన తనే ఆ టెలిస్కోపుకు యజమాని అన్నట్టు నిలబడింది. మేడం చేతిలో ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఉంది. ఆ మసక వెలుతురులో ఆమె ముఖం సరిగ్గా కనిపించలేదు. నవ్వు మాత్రం తెలిసింది.

నాకు భయం వేసింది సరిగ్గా అప్పుడే. అంతకుముందు ఏ అనుమానమూ లేదు.

అది చిన్న మాటే. వరుసలో ఇంకెవరైనా విని ఉంటే వాళ్లూ నవ్వేవాళ్లు. కానీ పెండ్లయిన తొమ్మిదేళ్లలో ఆ సంగతి మా ఆయన నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. మా పెండ్లిలో జరిగిన విషయం, నా పక్కన కూర్చుని ఆయన చేసిన పని నాకు ఇంకో ఆడమనిషి నోటి నుంచి తెలిసింది.

నేను కన్ను ఆనించాను. ఏమీ కనిపించలేదు. చుక్క పక్కకు జరిగిపోయిందో, నా కంట్లో నీళ్లు అడ్డం వచ్చాయో తెలియదు. నల్లగా ఉంది, అంతే.

"కనిపించిందా అక్కా?" అని ఆమె అడిగింది.

"కనిపించింది" అన్నాను.

ఆ రోజు సంగతి సరిగ్గా చెప్పాలంటే ముందు మా పెండ్లి సంగతి చెప్పాలి. మా పెండ్లి ఎండాకాలంలో, పొద్దున పదిన్నర ముహూర్తానికి జరిగింది. తలంబ్రాలు అయ్యాక అయ్యగారు మా ఇద్దరినీ షామియానా అంచుకు తీసుకుపోయి, ఉత్తరం దిక్కు చేయి చూపించి, సప్తఋషుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతి ఉంది చూడండి అన్నారు. పైన ఎండ కళ్లల్లో పొడుస్తోంది. కింద బియ్యం, పసుపు కలిసి చెమటకు కాళ్లకు అంటుకున్నాయి. మా ఆయన కళ్లు చికిలించి పైకి చూసి, "ఆ, కనిపిస్తుంది" అన్నాడు. నేనూ తల ఊపాను. అప్పటికి నేను కరీంనగర్‌లో బీఎస్సీ ఫిజిక్స్ పూర్తి చేసినదాన్ని. పట్టపగలు చుక్క కనిపించదని నాకు తెలుసు. అయినా తల ఊపాను. పక్కన ఉన్నాయన నిజంగానే నమ్మి చెప్పాడేమో, నవ్వితే బాధపడతాడేమో అనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆయన నమ్మకాన్ని నేను కాపాడుతున్నానని ఒక చిన్న గర్వం కూడా ఉండేది నాకు.

అంటే ఇద్దరమూ అబద్ధమే చెప్పాం. ఆయన తన అబద్ధాన్ని ఆమెకు ఇచ్చాడు, నేను నాది ఎవరికీ ఇవ్వలేదు. తేడా అక్కడే ఉంది.

మా ఆయన భూమి లోపలి గనిలో ఫిట్టరు. మా దగ్గర గనిని బాయి అంటారు. "బాయికి పోయిండు" అంటే డ్యూటీకి పోయాడని. సెంటినరీ కాలనీలో మాకు క్వార్టర్ ఉంది, రెండు గదులు, ముందు చిన్న వరండా, వెనక నేను పెంచుకున్న కరివేపాకు చెట్టు. ఆయన చేతికి ఇనుము మాట వింటుంది. పక్కింటివాళ్ల మిక్సీ, ఎదురింటి కూలరు, ఎవరిది ఏది చెడిపోయినా మా వరండాకే వస్తుంది. ఆ ఎండాకాలం మొదట్లో బడిలో టెలిస్కోపు స్టాండు పట్టు వదిలేసిందని, గొట్టం ఎటు తిప్పితే అటు జారిపోతోందని మా పాప ఇంటికొచ్చి చెప్పింది. మా డాడీ బాగు చేస్తాడని తరగతిలో అందరి ముందు చెప్పేసి వచ్చింది కూడా. ఆయన ఆ స్టాండును బండి మీద పెట్టుకుని గోదావరిఖని పోయి, తనకు తెలిసిన, లేత్ మిషను నడిపే భాయి దగ్గర ఒక చిన్న ఇత్తడి బోల్టు చేయించాడు. చేత్తో తిప్పి బిగించేది, బొటనవేలంత ఉంటుంది. అది పెట్టాక గొట్టం ఎక్కడ ఆపితే అక్కడ నిలబడింది. స్టాండు బడిలోనే ఉంచి, బోల్టు మాత్రం పిల్లలు పోగొడతారని ఆయన దగ్గరే పెట్టుకోమని మేడం చెప్పిందట. అలా శుక్రవారాలు బడిలో పిల్లలకు చుక్కలు చూపించే ప్రతిసారీ ఆయన వెళ్లక తప్పని ఏర్పాటు అయింది.

ఇదంతా నాకు తెలుసు. నేనే పొమ్మన్నాను. పాపకు బడిలో పేరు వస్తుందని సంతోషించాను.

ఆ మేడం నా వయసుదే. పెండ్లి కాలేదు. ఎమ్మెస్సీ చదివింది, అదీ ఫిజిక్సే. గోదావరిఖని నుంచి స్కూటీ మీద వస్తుంది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని ఉంటుంది, ఎండకు చేతులకు పొడుగు గ్లౌజులు వేసుకుంటుంది. నాకూ ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఆ నెలలోనే పెండ్లి ఖాయమైంది. సీటు పోయినందుకు అప్పట్లో నాకు పెద్దగా బాధ కలగలేదు, నిజం చెప్పాలంటే. ఈమెను చూశాకే ఆ బాధ మొదలైంది.

బడి నుంచి ఇంటికొచ్చిన ఆ రాత్రి అన్నాలు పెడుతూ మా ఆయన్ని ఏమీ తెలియనట్టు అడిగాను. "బావా, మన పెండ్లినాడు అరుంధతిని చూసినవ్ గదా, ఎట్లుండె?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఎట్లుంటది? చుక్క లెక్క ఉండె" అన్నాడు. తర్వాత పప్పు అడిగాడు.

ఆమెకు నిజం చెప్పాడు, నాకు అబద్ధం చెప్పాడు. గరిటె నిండా పప్పు వడ్డించాను.

ఆ మరునాటి నుంచి ఇంట్లో మా పాప నోట ఒకటే మాట. అరుంధతి ఒక్కటి కాదు మమ్మీ, మేడం చెప్పింది. వశిష్ఠుడూ ఒక్కడు కాదు, మేడం చెప్పింది. మామూలు కంటికి రెండు చుక్కలు, టెలిస్కోపులో చూస్తే మూడు, అసలు లెక్కేస్తే ఆరు. వశిష్ఠుడు అనుకునే చుక్క రెండుగా విడిపోతుంది, ఆ రెండింటిలో ఒక్కోటి మళ్లీ జంట. అరుంధతి కూడా జంటే. ఆ జంటలు ఎంత దగ్గరగా ఉంటాయంటే మామూలు టెలిస్కోపులో విడిగా కనిపించవు, పెద్ద పెద్ద పరికరాలతో వాటి వెలుగును పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఇది చెప్పాక మా ఆయన నా వైపు తిరిగి, "నువ్వు ఫిజిక్స్ చదివినవ్ గదా, నీకు తెలిసే ఉంటది" అన్నాడు.

నాకు తెలియదు. మూడేళ్ల చదువులో ఎక్కడో ఒక పేరాలో ఉండే ఉంటుంది. "తెలుసు" అన్నాను.

పిల్లలు పడుకున్నాక ఫోనులో వెతికి చదివాను. పాప చెప్పినదంతా నిజమే. తప్పు దొరుకుతుందేమోనని చదివాను, దొరకలేదు. ఆయన ఫోను చార్జింగులో ఉంటే అది కూడా తీసి చూశాను. ఆమె పేరు ముందు "సైన్స్ మేడం" అని ఉంది. ఇద్దరి మధ్య మెసేజిలు: శుక్రవారం వస్తరా అన్నా, వస్త మేడం, మబ్బు ఉంది అన్నా, సరే మేడం. అంతే. అందులో అనుమానించడానికి ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే నన్ను ఇంకా తొలిచింది. అన్నా అని పిలుస్తోంది కదా అని సర్దుకోబోయాను. మా దగ్గర ఆటో ఎక్కితే డ్రైవరును కూడా అన్నా అంటాం, దానికి ఏం విలువ అని మళ్లీ నేనే అనుకున్నాను.

పక్క క్వార్టర్‌లో ఉండే అక్క నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది, ఆమె భర్త రిటైరుమెంటుకు దగ్గరపడ్డాడు. బట్టలు ఆరేస్తుంటే గోడ మీదుగా అడిగింది. "మొదటి షిఫ్టోడు పొద్దుగూకినంక ఇంటికొస్తే, అది ఏ షిఫ్టే చెల్లె?"

నేను నవ్వాను. బడిలో చుక్కలు చూపిస్తున్నాడు అక్కా అన్నాను.

"చూపియ్యనీ. మా కాలంల మాకు ఇంట్లనే చూపిచ్చెటోళ్లు" అని తన తాగుబోతు మామను గుర్తు చేసుకుని పడీపడీ నవ్వింది. ఆమెకు చెడు ఉద్దేశం లేదు. కానీ ఏ షిఫ్టే అన్న మాట రోజంతా నా చెవిలో ఉండిపోయింది.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఇది రాయడానికే చాలా రోజులు ఆలోచించాను. బాయికి పోయే మనిషి పెండ్లాం గడియారాన్ని ఎట్లా చూస్తుందో ఈ కాలనీలో అందరికీ తెలుసు. మొదటి షిఫ్టు మూడింటికి దిగుతుంది. స్నానం చేసి, బండెక్కి, ఆయన వచ్చేసరికి మూడున్నర దాటుతుంది. నాలుగైతే నా చేతిలో పని ఆగుతుంది. నాలుగుంబావుకు నేను గేటు దగ్గర ఉంటాను. తొమ్మిదేళ్లుగా అంతే. ఆలస్యమైతే నా బుద్ధి నేరుగా భూమి లోపలికి పోయేది, పైకప్పు కిందికి, చీకట్లోకి. ఆ వారంలో ఒక రోజు ఆయన ఐదింటిదాకా రాలేదు. ఫోను కలవలేదు. గేటు దగ్గర నిలబడి ఉన్నాను, అప్పుడు నా ఆలోచన బాయి వైపు పోలేదు. బడి వైపు పోయింది. స్కూటీ ఉందా, గ్లౌజులు తీసేసిందా, ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారు అని.

ఆ రోజు లోపల బొగ్గు మోసే బెల్టు తెగి పని ఎక్కువైందట. ఒళ్లంతా నల్లటి చెమటతో వచ్చాడు. ఆయన్ని చూసి నాకు ప్రాణం లేచి రాలేదు. నిజంగా బాయి నుంచే వచ్చాడా అని చూశాను. ఒట్టేసి చెప్పొచ్చు, ఒక భార్య అంతకంటే దిగజారడం ఉండదు.

ఇప్పుడు ఆయనకు రాత్రి షిఫ్టు. పిల్లలు పడుకున్నారు. వంటింట్లో లైటు ఒకటే వేసుకుని ఇది రాస్తున్నాను కాబట్టి ఇంత నిర్భయంగా రాయగలుగుతున్నాను. పగలైతే ఇందులో సగం మాటలు మింగేసేదాన్ని.

తల్లిదండ్రులకు చూపించిన ఆ మొదటిసారి దుమ్ము ఎక్కువగా ఉండి చాలామందికి సరిగ్గా కనిపించలేదని, అమావాస్య దగ్గరి శుక్రవారం మళ్లీ పెడుతున్నామని బడి నుంచి కబురు వచ్చింది. ఈసారి మా పాప తల్లిదండ్రుల ముందు ఆరు చుక్కల గురించి చెప్పాలి. ఆరుగురు పిల్లలు జంటలుగా చేతులు పట్టుకుని ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతుంటే, తను వివరించాలి. వారం రోజులు వరండాలో ప్రాక్టీసు చేసింది. తమ్ముణ్ని కూడా చుక్కను చేసి తిప్పింది, వాడు కళ్లు తిరిగి పడ్డాడు. ఒకసారి నేను ఒక వాక్యం సరిచేయబోతే, "మేడం గట్ల చెప్పలే మమ్మీ" అంది. నా దగ్గర పుట్టిన పిల్ల, నేను చదివిన చదువు విషయంలో, నన్ను పక్కన పెట్టింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఇంకా బాయి నుంచి రాలేదు. ఆయన చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో బోల్టు ఉంది. ఇత్తడి చేతి చెమటకు నల్లబడి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆలోచించి చేశానని చెప్పలేను, ఆలోచించకుండా చేశానని కూడా చెప్పలేను. వంటింట్లోకి పోయి చింతపండు డబ్బా మూత తీసి, బోల్టును అందులోకి గుచ్చి, పైన చింతపండు కప్పి, మూత పెట్టాను. టెలిస్కోపు నిలబడకపోతే చుక్కలు చూడటం ఉండదు. చుక్కలు చూడటం లేకపోతే శుక్రవారాలు ఉండవు. నా లెక్క అంతే. అందులో నా పాప ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

సాయంత్రం ఆయన వెతకడం మొదలుపెట్టాడు. జేబులు తిరగేశాడు, బండి డిక్కీ ఖాళీ చేశాడు, మంచం కింద బోర్లా పడుకుని ఫోను లైటు వేసి వెతికాడు. "నువ్వేమన్న చూసినవా?" అని అడిగాడు. లేదన్నాను. "జేబుల్నే పెట్టిన, మస్తు యాదికుంది" అని తనలో తను అనుకుంటూ ఉతికిన బట్టల బకెట్లో కూడా చేయి పెట్టి చూశాడు. పాప యూనిఫాం వేసుకుని, జడలు వేయించుకుని, వాకిట్లో నిలబడి చూస్తోంది. దాని ముఖం క్షణక్షణానికి చిన్నదవుతోంది. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. ఇదిగో ఇక్కడుంది అని ఏదో ఒక వంక పెట్టి తీసి ఇచ్చి ఉండవచ్చు. నేను పప్పులో పోపు పెడుతూ ఉండిపోయాను.

బడికి పోయేసరికి ఏడున్నర అయింది. ఆకాశం ఆ రోజు ఎంత బాగుందంటే, దుమ్ము అణిగిపోయి, పవర్ ప్లాంటు వైపు ఉండే ఎర్రటి వెలుగు కూడా తగ్గినట్టు అనిపించింది. ఈశాన్యం మీదుగా సప్తఋషులు పైకి ఎక్కి ఉన్నారు. బోల్టు పోయిందని మా ఆయన చెప్పాడు. మేడం అయ్యో అంది. మా ఆయన భుజం మీది తువ్వాల తీసి గొట్టాన్ని స్టాండుకు కట్టాడు. కదిలింది. విప్పి మళ్లీ కట్టాడు. మళ్లీ కదిలింది. చివరికి ఒక మోకాలు నేల మీద వేసి, గొట్టం కింద భుజం పెట్టి, రెండు చేతులతో పట్టుకుని, మేడం చెప్పిన వైపు ఆపాడు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు. ఒక్కొక్కరూ వచ్చి చూడసాగారు.

వరుస నత్తలా నడిచింది. ఆయన ఎంత ఆపినా చుక్క పక్కకు పోతోంది, మేడం మళ్లీ వెతికిపెడుతోంది. ఆకలైన పిల్లలు ఏడుస్తున్నారు, తెల్లారి డ్యూటీ ఉన్నవాళ్లు వెళ్లిపోతున్నారు. చుక్కలు చూడటం అయ్యాకే మా పాప మాట్లాడాలి.

నా ముందు ఇద్దరు ఉండగా మేడం నా దగ్గరికి వచ్చింది. ఎర్ర టార్చి నేల వైపు పెట్టి మెల్లగా మాట్లాడింది. "మీరు బీఎస్సీ ఫిజిక్స్ అట గదా అక్కా. అన్న మొదటి రోజే చెప్పిండు. మా ఆమె చదువుకున్నది, పెండ్లినాడు నేను అబద్ధం చెప్పిన్నని ఆమెకు తెలుసు, కడుపుల పెట్టుకున్నది, ఒక్కసారన్న నిజంగ చూపియ్యాలె, తప్పు చుక్క చూపిస్తే నవ్వుతది, సరిగ్గ ఏదో నాకు నేర్పున్రి మేడం అన్నడు."

ఆ మాట విన్నాక నా మనసు కరగాలి. ఎవరైనా అదే అనుకుంటారు. కరగలేదు. ఇంకా మండింది. నాకు తెలుసని ఆయనకు తొమ్మిదేళ్లుగా తెలుసు. నా ముందు సిగ్గుపడి, ఆ సిగ్గును మోసుకెళ్లి ఆమె ముందు విప్పాడు. నా గురించిన మాటే, నాకంటే ముందు ఆమె విన్నది. ఇంత మంచి మాట నా భర్త నా గురించి అన్నాడని నాకు చెప్పే హక్కు ఆమె చేతిలో ఎందుకుంది?

నా వంతు వచ్చింది. ఆయన కింద మోకాలి మీద ఉన్నాడు, మెడ మీద నరాలు ఉబ్బి ఉన్నాయి. "జల్ది చూడు, నిలబెట్టిన" అన్నాడు.

కన్ను ఆనించాను. కనిపించింది. నల్లటి గుండ్రంలో రెండు వెలుగులు, ఆవగింజల్లా, ఒకదానికొకటి ఆనీఆననట్టు. ఒకటి కొంచెం పెద్దది. వాటికి దూరంగా, పక్కన, అరుంధతి. అంత స్పష్టంగా ఉంటుందని నేను అనుకోలేదు. వశిష్ఠుడని ఇన్నాళ్లూ ఒక్కటిగా చూపించిన చుక్కలో రెండు ఉన్నాయి, ఆ రెండింటిలోనూ నేను చూడలేని ఇంకో రెండు ఉన్నాయి, పక్కనున్న అరుంధతిలో ఇంకోటి ఉంది. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా అన్నీ కలిసి కొద్దిగా కదిలి, మళ్లీ నిలబడ్డాయి.

"కనిపించిందా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

ఎందుకన్నానో ఆలోచిస్తే ఇప్పటికీ ఒకటే జవాబు. కనిపించిందంటే ఆయన పని అయిపోతుంది. ఆమె గెలుస్తుంది, ఆమె నేర్పిన పని నెరవేరుతుంది. లేదంటే ఆయన ఇంకా నా కోసం అక్కడే ఉంటాడు.

ఆయన భుజం సర్దుకుని మళ్లీ పట్టుకున్నాడు. ఇప్పుడు? లేదు. మేడం వచ్చి చూసి, ఉంది అక్కా మధ్యల్నే ఉంది అంది. నేను మళ్లీ వంగి, లేదు అన్నాను. మూడోసారికి ఆయన చేతులు వణకడం మొదలైంది, అద్దంలో చుక్కలు గీతలుగా సాగిపోయాయి. వెనక ఎవరో విసుక్కున్నారు. "ఇంక తియ్యి బావా" అన్నాను. ఆయన లేచి నిలబడి భుజం పట్టుకున్నాడు. నా ముఖం చూడలేదు.

పాప మాట్లాడే సమయానికి మైదానంలో పన్నెండు మంది మిగిలారు. చుక్కలుగా తిరగాల్సిన ఆరుగురిలో ఇద్దరిని వాళ్ల అమ్మానాన్నలు తీసుకుపోయారు. నాలుగు చుక్కలను పెట్టుకుని ఆరు చుక్కల గురించి చెప్పింది నా బిడ్డ. మధ్యలో మరిచిపోయి, ఆపి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది. మేడం చప్పట్లు కొట్టింది. మిగతావాళ్లు కూడా కొట్టారు.

ఇంటికి పోయేటప్పుడు ఎప్పుడూ బండి ముందు కూర్చునే పిల్ల ఆ రోజు వెనక నా పక్కకు వచ్చి ఇరుక్కుంది. ఇంట్లో చెప్పులు విప్పుతూ నాన్నతో అంది. "నీకేమిచ్చినా పోగొడ్తవ్ డాడీ. నా వల్లనే మేడం నిన్ను నమ్మింది. ఇంక నీ సంగతి ఎవ్వలకు చెప్ప."

ఆయన కోప్పడలేదు. "నాదే తప్పు బిడ్డా. భాయికి చెప్పి ఇంకోటి చేయిస్త" అన్నాడు. అన్నం సగం తిని లేచాడు. పడుకున్నాక భుజానికి జండూబామ్ రాయమంటే రాశాను. భుజం మీద గొట్టం అంచు అచ్చు పడి ఎర్రగా ఉంది. నా వేళ్లు దాని మీద తిరుగుతుంటే ఆయన మెల్లగా అడిగాడు.

"నిజంగ కనిపించలేదానే?"

నేను బామ్ డబ్బా మూత బిగించాను.

తెల్లారి ఐదున్నరకు లేచి టిఫిన్ కట్టాను. ఆరింటికి ఆయన బాయికి పోయాడు. పాప పడుకునే ఉంది, లేపి టాటా చెప్పించుకునేవాడు రోజూ, ఆ రోజు లేపలేదు. ఆయన బండి చప్పుడు మలుపు తిరిగాక చింతపండు డబ్బా తీశాను. బోల్టును మంచం కింద, ఆయనకు కనిపించకపోయి ఉండగల గోడ సందులో పెడదామనుకున్నాను. పాపే వెతికి పట్టుకున్నట్టు చేస్తే, తండ్రి మీద కోపం సగం పోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. రాత్రి పడుకోకుండా వేసుకున్న పథకం అది.

కానీ చింతపండు తగిలిన మేర ఇత్తడి కొత్త చెంబులా మెరుస్తోంది. తగలని చోట నల్లగానే ఉంది. మంచం కింద దొరికిన బోల్టు అలా ఉండదు. ఇనుము, ఇత్తడి తప్ప వేరే లోకం లేని మనిషికి అది ఎక్కడ పడుకుని వచ్చిందో చూడగానే తెలుస్తుంది. బూడిదతో రుద్ది మొత్తం మెరిపించవచ్చు, మసి పూసి నల్లబరచవచ్చు. సింకు ముందు నిలబడి ఆ రెండు దారులూ ఆలోచించాను. అది మెరవకపోయి ఉంటే నేను నిజం చెప్పేదాన్నని గట్టిగా చెప్పలేను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఒంటిపూట బడికి పిల్లలను లేపి, ఉప్మా పెట్టి, ఇద్దరి ముందూ కింద కూర్చున్నాను. బోల్టును పాప పళ్లెం పక్కన పెట్టాను. అది బోల్టు వైపు, నా వైపు చూసింది.

"డాడీ పోగొట్టలే" అన్నాను. "డాడీ జేబుల్నే పెట్టిండు. నేను తీసి చింతపండు డబ్బాల దాచిన."

"ఎందుకు?" అంది పాప. గొంతులో కోపం ఇంకా రాలేదు, నమ్మకపోవడమే ఉంది.

"మీ మేడం మీద నాకు కుళ్లు పుట్టింది. డాడీ ఆమెతోని మాట్లాడుతుంటే ఓర్వలేకపోయిన. నువ్వు రోజు ఆమె పేరే తీస్తుంటే ఓర్వలేకపోయిన. ఇప్పటికి గూడ పోలే, ఉన్నది. అది నా తప్పు, ఆమెది గాదు, డాడీది గాదు. నువ్వు డాడీని అన్న మాటలు నన్ను అనాలె."

పాప ఉప్మాలో చెంచా తిప్పుతూ ఉండిపోయింది. కొడుకు మాత్రం, రాత్రి నుంచి అందరూ అడుగుతున్న ప్రశ్నే అడిగాడు. "మరి నీకు చుక్క కనిపించిందా మమ్మీ?"

"కనిపించింది నాన్నా. మూడు కనిపించినయ్. డాడీ మంచిగనే పట్టిండు. ఆయన మూడున్నరకు ఒస్తడు, ఈ సంగతి మీరు చెప్పకున్రి. నేనే చెప్తా."